అవ్వ చెప్పాల్సిన ఐదేండ్లు

ల్యాంపు రూములో నంబర్లన్నీ మారుస్తామని కాగితం వచ్చిన మూడో రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. మానెయ్యాలని మానలేదు. ముద్ద కలిపేవాణ్ణి, చెయ్యి సగం దూరం వచ్చి ఆగేది. ఎందుకు ఆగుతుందో తెలుసుకుందామని రెండు పూటలు జాగ్రత్తగా గమనించాను. తెలియలేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, మందమర్రిలో ఒక బొగ్గుబాయి ల్యాంపు రూములో పనిచేస్తున్నాను. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద అతని నంబరు ఉంటుంది. బిళ్ళ మాకిచ్చి, అదే నంబరున్న ల్యాంపు తీసుకుని దిగుతాడు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా మా బోర్డు మీద బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. మా బాయిలో ఆరువందల ముప్పై మంది. అందరి నంబర్లూ నాకు వచ్చు. ముఖాలు అంత బాగా రావు. ఆదివారం అంగట్లో ఎవరైనా నమస్తే పెడితే, నంబరు చెప్పేదాకా నాకు మనిషి అందడు. ఈ సంగతి వాళ్ళకూ తెలుసు. "రెండొందల ఆరు, సార్. గా వంకాయలు కొనకున్రి, పుచ్చులున్నయ్" అనేవాళ్ళు. నవ్వులాటకే అనేవాళ్ళు గానీ నాకు నిజంగా పనికొచ్చేది.

డిస్పెన్సరీ డాక్టరు మొదట గ్యాస్ అన్నాడు, తర్వాత బలహీనత అన్నాడు, చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి చీటీ రాసిచ్చాడు. ఆమె మనసుకు సంబంధించిన డాక్టరు, కొన్నేళ్ళు బయటి దేశంలో పనిచేసి వచ్చింది. నంబర్ల సంగతి విని నవ్వలేదు. ఏ నంబరు ఏ నంబరుగా మారుతోందని అడిగింది. అప్పటిదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. వరుసగా చెప్పుకుంటూ పోయాను. నలభయ్యో నంబరు దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"వీటిల్ల ఏది మారితే మీకు ఎక్కువ కష్టమనిపిస్తుంది?"

"అన్నీ ఒకటే" అన్నాను.

ఆమె ఏదో రాసుకుంది. ఇంకో గంటసేపు ప్రశ్నలడిగింది. ఆఖరున కాగితం మీద ఒక ఇంగ్లీషు మాట రాసి నా వైపు తిప్పింది. "ఆటిజం అంటరు. ఎక్కువగా పిల్లల్లో చూస్తం. పెద్దయినంక ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. నాకు అనుమానం ఉంది, అంతే. తేల్చాలంటే ఒక పూట కూర్చోవాలె. మీ అమ్మగారిని తీసుకరండి."

"ఆమెతో ఏం పని?"

"మీకు ఐదేండ్లు వచ్చేదాంక మీరెట్ల ఉన్నరో మీకు యాది ఉండదు గద. ఆమెకు ఉంటది."

మూడు వారాల తర్వాత గురువారం, పదకొండింటికి రమ్మంది.

ఇరవై ఒక్క రోజులు. నేను వాటిని ఎలా గడపాలో తెలియక ఒక నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు "అవును అంటే", కుడివైపు "కాదు అంటే" అని రాశాను. మామూలుగా నా నాడి నిమిషానికి డెబ్బై రెండు కొట్టుకుంటుంది. ఎడమవైపు చదివి గోడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకున్నాను: ఎనభై ఎనిమిది. పది నిమిషాలు ఆగి కుడివైపు చదివాను: తొంభై ఆరు. పొరపాటేమోనని మర్నాడు మళ్ళీ చూశాను. అంతే వచ్చింది.

భయం మధ్యలోనే నాకు ఆసక్తి పుట్టింది. ఉన్నదంటే భయపడాలి గానీ లేదంటే ఎందుకు ఎక్కువ భయం? నాలుగు రోజులు దీని మీదే పెట్టాను. తేలిందేమిటంటే, చిన్నప్పటి నుంచి నా గురించి జనం అన్న మాటలు కొన్ని ఉన్నాయి. పొగరు, మొండి, పెద్దల ముందర తల తిప్పుకుంటాడు, పెళ్ళికి పిలిస్తే బ్యాండు దగ్గర చెవులు మూసుకుంటాడు, పలకరిస్తే పలకడు. డాక్టరమ్మ కాదు అంటే ఈ మాటలన్నీ నిజమవుతాయి. అవును అంటే వీటన్నిటికీ ఇంకొక కారణం ఉంటుంది. ఆ కారణం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. లైబ్రరీకి వెళ్ళి నిఘంటువు తీశాను. పాతది. ఆ మాట ఉండాల్సిన చోట, పైమాటకూ కిందిమాటకూ మధ్య సందు కూడా లేదు.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తున్న అవ్వకు చెప్పాను; మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. బాపు పోయి అప్పటికి రెండేళ్ళు. క్వార్టర్‌లో మేమిద్దరమే.

"జబ్బు పేరేందన్నది?"

"జబ్బో కాదో ఇంకా తెల్వదు. ఆటిజం అని ఒకటుంటదట."

"ఆటజమా?" అవ్వ పిండి చేత్తోనే నా వైపు తిరిగింది. "నువ్వు సిన్నప్పుడు ఆటలే ఆడకపోదువు గదరా. గోలీలిస్తే వరుసవెట్టి సూసుకుంట కూసుంటుంటివి. నీకు ఆటజం యాడికెల్లి వస్తది?"

"ఆడనోళ్ళకే వస్తదట."

"గట్లయితె ఉల్టా పేరు వెట్టిన్రు."

లోపలికి వెళ్ళి నోటుబుక్కులో "గోలీలు, వరుస" అని రాసుకున్నాను. ఐదేళ్ళ లోపు నా గురించి నాకు దొరికిన మొదటి సమాచారం అది. ఇలాగే ఇంకొన్ని అడిగి రాసుకుంటే డాక్టరమ్మకు పని సులువవుతుందని అనుకున్నాను. కానీ పరీక్ష కోసం తానూ కరీంనగర్ రావాలనేసరికి అవ్వ ముఖం మారిపోయింది.

"పరీచ్చనా? ఫిట్టా అన్‌ఫిట్టా చెప్తరా?"

మా బాయిల దగ్గర పరీక్ష అంటే ఆ రెండు జవాబులే. ఊపిరితిత్తులో కళ్ళో పాడైన కార్మికుణ్ణి కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు చూసి అన్‌ఫిట్ అంటే, అతను నౌకరి నుంచి దిగిపోతాడు, అతని కొడుక్కు నౌకరి వస్తుంది. నాకు అలాగే వచ్చింది. కొందరు కావాలనే అన్‌ఫిట్ కోసం తిరుగుతారు. కొందరు అది రాకుండా దగ్గు ఆపుకుంటారు. అవ్వ నన్ను ఏ లెక్కలో వేసిందో నాకు నల్లా దగ్గరి మాటలతో తెలిసింది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. బయట పక్క క్వార్టర్ ఆమె బిందె పెట్టి అవ్వను అడుగుతోంది.

"ఏమక్కా, మీ పోరడు అన్‌ఫిట్ వెట్టుకుంటుండట?"

"ఎవలన్నరు?"

"కరీంనగర్ దాంక పోతుండు పరీచ్చకు, ఒకలు అనాల్నా? లగ్గమే కాలే, కొడుకు లేడు. నౌకరి ఎవలకిస్తడు, పిల్లికా?"

"నా కొడుక్కేం కాలే. గ్యాసు" అంది అవ్వ. బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది.

ఆ రోజు నుంచి అవ్వ తయారవడం మొదలుపెట్టింది. బియ్యం ఏరుతూ, బట్టలు పిండుతూ తనలో తాను అప్పజెప్పుకునేది. "తొమ్మిది నెలలకే మాటలొచ్చినయ్. పదకొండు నెలలకు నడిచిండు. అందరితోని కలుస్తుండె. పిలిస్తె ఉరికొస్తుండె."

"ఎవరితో చెప్తున్నవ్ అవ్వా?"

"యాది చేసుకుంటున్న."

"అది నిజమేనా?"

"నీకు యాదుందా?"

"లేదు."

"మరేంది."

ఇక్కడే నా అసలు పరేషాన్ మొదలైంది. ఆ ఐదేళ్ళను కొలవడానికి లోకంలో ఒకే ఒక పరికరం ఉంది, అది అవ్వ. ఆ పరికరం ముందే తప్పు చూపించడానికి సిద్ధమవుతోంది. నాకు కావాల్సింది నిజమే చెప్పడమని, మంచిగా చెప్పడం కాదని మూడుసార్లు మూడు రకాలుగా వివరించాను. మూడోసారి అవ్వ చేటను కింద పెట్టింది.

"నిజం చెప్తె ఏమైతదో నాకు తెలుసు. మీ బాపు బోర్డు ముంగట నడిస్తె దమ్మొస్తదని నిజమే చెప్పిండు. గంతే, బిళ్ళ గుంజుకున్నరు. రేపటికెల్లి రావద్దన్నరు. గా తర్వాత మూడేండ్లు గడపల కూసుండి పోయే వచ్చే షిఫ్టులు లెక్కవెట్టిండు. మనిషి బాయిల సావలే, గడపల సచ్చిండు. డాక్టర్ల ముంగట నిజం చెప్పుడు నాకు నేర్పకు."

బాపు కూర్చున్న ఆ గడప వల్లనే నాకు నౌకరి వచ్చింది. అవ్వ ఆ మాట ఎప్పుడూ అనలేదు, అప్పుడు కూడా అనలేదు.

అవ్వ సంగతి నా చేతిలో లేదు కాబట్టి, చేతిలో ఉన్నవేమిటో రాసుకున్నాను. బస్సు, దారి, మెట్లు, కుర్చీ, నా ముఖం. రెండో ఆదివారం ఒక్కణ్ణే కరీంనగర్ వెళ్ళాను. మంచిర్యాలలో బస్సు మారి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల, కొండగట్టు మీదుగా. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో టికెట్టు వెనక రాసుకున్నాను. బస్టాండు నుంచి దవాఖానకు నా అడుగులు పదకొండు వందల నలభై. దవాఖానకు సెలవు. ఒకామె మెట్లు ఊడుస్తోంది.

"ఇయ్యాల డాక్టరమ్మ రాదు."

"తెలుసు. గురువారం వస్తా. ఒకసారి చూసిపోదామని."

"ఏం చూస్తవ్?"

"మెట్లు."

ఆమె చీపురు పక్కకు తీసింది. "సూడు మరి. అవి యాడికి పోవు."

పద్దెనిమిది మెట్లు. పైన ఊడవడానికని తలుపు తీసి లైటు వేసి ఉంది; ఆకుపచ్చ పరదా, మూడు కుర్చీలు. గోడ పక్క కుర్చీలో కూర్చుంటే ట్యూబులైటు జుయ్‌మనే శబ్దం కుడిచెవిలో పడుతుంది. కిటికీ పక్క కుర్చీలో పడదు. కిటికీ పక్క అని రాసుకున్నాను. ఆమె కింది నుంచి "మెట్లు మంచిగున్నయా?" అని అడిగింది. మంచిగున్నాయని చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు నాడి చూసుకుంటే ఎనభై. ఈ పద్ధతి పనిచేస్తోంది.

మిగిలింది నా ముఖం. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం నాకు ఎప్పుడూ కష్టమే. పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ఒక ఉపాయం కనిపెట్టాను: కనుబొమల మధ్య చూస్తే ఎదుటివాళ్ళకు తేడా తెలియదు. మూడు లెక్కపెట్టేదాకా చూడాలి, ఒకటి లెక్కపెట్టేదాకా పక్కకు చూడాలి. ఎవరైనా నవ్వితే అర సెకను ఆగి నవ్వాలి. ఎవరైనా చనిపోతే "అయ్యో" అని, మాట్లాడకుండా నిలబడాలి. ఇలాంటివన్నీ రాస్తే పదకొండు వచ్చాయి. ప్రశ్న ఏమిటంటే, వీటిని గురువారం నాడు వెంట తీసుకెళ్ళాలా? తీసుకెళ్తే ఆమె నన్ను చూడదు, నా ఉపాయాలను చూస్తుంది. వదిలేసి వెళ్తే ఆమె ముందు ఎలా ఉంటానో నాకే తెలియదు. ఉపాయాలు లేకుండా నేను ఎవరి ముందూ కూర్చుని చాలా కాలమైంది.

జవాబు ల్యాంపు రూములోనే దొరికింది. అప్పుడే ఛార్జి చేసిన ల్యాంపును పరీక్షించి లాభం లేదు. ఎంత పాత బ్యాటరీ అయినా కాసేపు బాగానే వెలుగుతుంది. ఎనిమిది గంటలు బాయిలో తిరిగి వచ్చిన ల్యాంపును, తుడవకుండా, మళ్ళీ ఛార్జికి పెట్టకుండా మీటరుకు కలిపితేనే దాని సంగతి తెలుస్తుంది. ఉపాయాల పేజీని మడిచి ఇంట్లో పెట్టెలో పెట్టాను. అవ్వ కూడా అలాగే రావాలని చెప్పబోయి ఊరుకున్నాను. ల్యాంపుతో పోలిస్తే ఒప్పుకునే మనిషి కాదు.

గురువారం మొదటి బస్సెక్కాం. అవ్వ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. ఒళ్ళో రొట్టెల మూట. గోదావరి దాటేటప్పుడు చిల్లర నీళ్ళలో వేసి దండం పెట్టింది. జగిత్యాల దాటాక నోరు మళ్ళీ కదలడం మొదలైంది: తొమ్మిది నెలలు, పదకొండు నెలలు. నేను కిటికీలోంచి కిలోమీటరు రాళ్ళు చదువుతూ వచ్చాను.

కొండగట్టు స్టేజీ దగ్గర బస్సు ఆరు నిమిషాలు ఆగుతుందని నా పట్టికలో ఉంది. కొబ్బరికాయల సంచులతో జనం దిగారు. వాళ్ళలో ఒక కుటుంబం జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషిని రెండు వైపులా పట్టుకుని దించుతోంది. మా వైపు మనసు చెదిరిన వాళ్ళను ఈ కొండ మీది హనుమంతుడి గుడికి, అంజన్న దగ్గరికి తెచ్చి కొన్ని రోజులు ఉంచుతారు. ఆమె నెమ్మదిగానే నడుస్తోంది. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని ఆమెను చూస్తూ ఉండిపోయింది.

"నిన్ను గీడికి తెచ్చిన" అంది.

"తెలుసు. పుట్టెంట్రుకలకు."

"ఊఁ" అంది. బస్సు కదిలింది. ఆ తర్వాత కరీంనగర్ దాకా అవ్వ పెదవులు కదలలేదు.

పదకొండు వందల నలభై అడుగులు నావి. అవ్వతో నడిస్తే ఎక్కువయ్యాయి, లెక్క తప్పింది. కిటికీ పక్క కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ట్యూబులైటు కిందే కూర్చున్నాను. నాడి నూట నాలుగు. పిలిచారు.

డాక్టరమ్మ అవ్వకు కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, కాసేపు ప్రయాణం గురించి అడిగింది. తర్వాత, "మీ బాబుకు ఎప్పుడు మాటలొచ్చినయమ్మా?"

"తొమ్మిది నెలలకే, డాక్టరమ్మా. గలగల మాట్లాడుతుండె."

డాక్టరమ్మ కలం కదిలింది. మూడు వారాలూ, మెట్లూ, నాడి లెక్కలూ, అన్నీ ఆ ఒక్క గీత కింద పడిపోతున్నాయి. ఏదో ఒకటి అనాలి. ఉపాయాల పేజీ పెట్టెలో ఉంది.

"అవ్వా, ఈమె బోర్డు డాక్టర్ కాదు" అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది.

అవ్వ నా వైపు చూడలేదు. డాక్టరమ్మనే చూసింది. "నువ్వు రాసే కాయిదం యాడికి పోతది?"

"యాడికీ పోదు. ఇతని చేతికే ఇస్త. ఉంచుకుంటె ఉంచుకుంటడు, చింపితె చింపుతడు."

"బిళ్ళ?"

"బిళ్ళలేం లేవమ్మా. దీనికి బిళ్ళలు ఉండయి."

"బిళ్ళ ఉండదా?" అవ్వ కుర్చీలోంచి లేచింది. "నౌకరి పోతదా?"

డాక్టరమ్మ మందుబిళ్ళ అనుకుంది. అవ్వ ఇత్తడి బిళ్ళ అనుకుంది. ఇద్దరి ముఖాలూ చూసి నేను మధ్యలో చెయ్యెత్తి ఏ బిళ్ళ ఏదో వరుసగా చెప్పాను. డాక్టరమ్మ పెద్దగా నవ్వింది. నవ్వి, కలం మూత పెట్టి పక్కన పడేసింది. "ఇతని బిళ్ళను నేనెందుకు ముట్టుకుంటనమ్మా. అది ఇతనిది."

అవ్వ కూర్చుంది. నీళ్ళు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"తొమ్మిది నెలలు కాదు" అంది. "నాలుగున్నరేండ్లు. గప్పటి దాంక నోట్లెకెల్లి ఒక్క మాట రాలే. అవ్వ అనలే, బాపు అనలే. పిలిస్తె తిరిగి సూడకపోతుండె. శెవిటోడన్నరు. మూగోడన్నరు. ఎవలో కొండగట్టు తీస్కపొమ్మన్నరు. పదకొండు రోజులున్నం. పదో రోజు పొద్దుగాల వీని మొకం కడుగుతున్న. నా మొకం సూడకుంట అన్నడు."

"ఏమన్నడు?"

"'నాలుగొందల పదిహేడు, బిళ్ళ దీస్కున్నవా?' అన్నడు. అచ్చం నా గొంతు. వాళ్ళ బాపు షిఫ్టుకు పొయ్యేటప్పుడు నేను రోజూ నవ్వులాటకు అడిగే మాట. మొగన్ని పేరు పెట్టి పిలువద్దు గద, నంబర్‌తోని పిలుస్తుంటి." అవ్వ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "దేవుని కాడికి తీస్కపోతె దేవుని పేరు రాలే, బిళ్ళ నంబర్ వచ్చింది. ఎట్ల చెప్దు? ఇంటికొచ్చి అందరికీ 'అంజన్నా' అన్నడని చెప్పిన. వీని బాపుకు గూడ అట్లనే చెప్పిన."

ట్యూబులైటు శబ్దం ఆ గదిలోకి కూడా వస్తోంది. డాక్టరమ్మ నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఆ నంబరు ఇప్పుడు ఎవరిదన్న ఉందా?"

ఉంది. బాపు నౌకరి నుంచి దిగిపోయాక నాలుగు వందల పదిహేడు ఇంకొకతనికి ఇచ్చారు. అతని ముఖం నాకు గుర్తులేదు గానీ అతని ల్యాంపు ప్రతి షిఫ్టుకూ నేనే అందించేవాణ్ణి. కొత్త పట్టికలో అది అరవై రెండు అవుతోంది. ఆమెకు ఆ మాటే చెప్పాను.

"అన్నీ ఒకటే అన్నరు మీరు" అంది డాక్టరమ్మ.

"తెలియక అన్నాను" అన్నాను.

ఆమె కలం మూత మళ్ళీ తీసింది. అవ్వ చెప్పుకుంటూ పోయింది. గోలీలు, చెవులు మూసుకోవడం, ఒకే గిన్నెలో తప్ప తినకపోవడం, చుట్టాలొస్తే మంచం కింద దూరడం. నా గురించి నేను ఇంత కొత్త సమాచారం ఎప్పుడూ వినలేదు. రాసుకోవడానికి నోటుబుక్కు తీస్తే అవ్వ నా చెయ్యి మీద చెయ్యి పెట్టి, "రాయకు, ఇను" అంది. తర్వాత నా వంతు వచ్చింది. మొత్తం మూడు గంటలు పట్టింది. ఆఖరున డాక్టరమ్మ తన అనుమానం నిజమేనంది. కాగితం వచ్చే వారం ఇస్తానంది, అన్నం సంగతికి ఏం చెయ్యాలో చెప్పింది. నాడి చూసుకోవడం మర్చిపోయానని నాకు బస్టాండులో గుర్తొచ్చింది. అవ్వ మూట విప్పింది. రొట్టె రెండు తిన్నాను.

తిరుగు బస్సులో అవ్వ మూట మళ్ళీ ముడేస్తూ, "ఇంతకు ఫిట్టేనా?" అంది.

"అట్ల చెప్పరు దీనికి."

"రేపు ల్యాంపు ఇస్తరా నీకు?"

"ఇచ్చేటోన్నే నేను గదనే."

"గట్లయితె ఫిట్టే" అంది అవ్వ.

కొండగట్టు స్టేజీ వచ్చింది. ఆరు నిమిషాలు. అవ్వ మూట చంకన పెట్టుకుని లేచింది.

"దిగు."

"టికెట్టు మంచిర్యాల దాకా ఉంది."

"ఉండనీ."

"ఇప్పుడేం మొక్కు?"

"మొక్కు కాదు. ఇరవై రెండేండ్లు అంజన్న పేరు మీద అబద్ధం చెప్పిన. పోయి చెప్పి వస్త."

"ఆయనకు తెల్వదా?"

"తెలుసు. నేను చెప్పలే గద."

తర్వాతి బస్సు ఎన్నింటికో నా పట్టికలో లేదు. రెండు నిమిషాలు అయిపోయాయి. అవ్వ అప్పటికే కిందికి దిగి, కొంగు సర్దుకుంటూ, నా కిటికీ వైపు చూస్తోంది.

దిగాను.